ఖాళీ గడి

దోస్త్ అంట దాని పేరు.
డిగ్రీ సీటుకు దరఖాస్తు పెట్టేటి జాగ.
దోస్తులెవ్వరు లేని పిల్లను
పోచమ్మమైదాన్ మీసేవల కుర్చీల కూసోవెట్టి
కొంరెల్లన్న టకటక కొడుతుండు.

ఆరు నుంచి పది దాకా చదివిన బడి?
ఏడుకొక గడి, ఐదు గడులు.
"ఇల్లు," అన్న.
"ఇల్లంటె తీస్కుంటలేదు చెల్లె,
ఎర్ర చుక్క వెట్టిన కాడ ఏదో ఒకటి ఉండాలె."

మూడో తరగతిల
'నాగలి' చదవబోయి
న దగ్గర్నే ఆగిపోయిన.
క్లాసంత నాతోపాటే ఆగింది,
తర్వాత నవ్వింది.
ఆ మాపటీలి నాయిన నా బడి సంచి
మగ్గం గుంట పక్కన మొలకు తగిలేసిండు.
"తెగిన పోగును గుంజుతరా బిడ్డా?
నిమ్మళంగ అతికిస్తరు."
అంతే. తొమ్మిదేండ్లు.

భిన్నాలు పడుగు మీదనే నేర్చుకున్న.
ఆరువందల పోగులల్ల మూడో వంతు నీలం.
ఒక్కటి తప్పితె
లెక్క కాదు, జంఖానా తప్పయితది.
హిందీ కాజీపేట టేసన్‌ల మైకు నేర్పింది,
అందుకే ఇప్పటికీ నేను హిందీల మాట్లాడితె
ఎక్కడిదో రైలు లేటయినట్టే ఉంటది.
ఎనుమాములకు మిర్చి కోసం వచ్చిన లారీల
నంబర్లు చూసుకుంట దేశం పటం గీసిన.
అండల రంగు ఎందుకు విరుగుతదో చేతికి తెలుసు,
దానికి పుస్తకంల ఒక పేరుందని
ఓపెన్ స్కూల్ గైడు కొన్నంక తెలిసింది.

అబద్ధమెందుకు,
పొద్దున ఎనిమిదింటికి డాబా ఎక్కేదాన్ని.
పసుపు బస్సు మా గల్లీ మలుపు కాడ ఆగేది.
ఆ పిల్లల పేర్లు తెల్వవు నాకు.
నీళ్ల సీసాల రంగులతోని గుర్తువట్టేది.
ఊదారంగు సీసా పిల్ల ఒకనాడు రాలే,
తెల్లారి గూడ రాలే.
ఎవర్నడగాలె?

"ఎన్‌సీసీ?"
లేదు.
"ఎన్నెస్సెస్? ఆటలు? డాన్సు గీన్సు?"
కొంరెల్లన్న గడి గడికి నా దిక్కు చూస్తుండు.
గడప కాడ నిలవడ్డ నాయిన దగ్గుకుంట అన్నడు,
"నేస్తది. చిన్నప్పటి సంది నేస్తది."
"అది పని గదనె బాపూ.
పని ఇండ్లకు రాదు."
నాయిన చేతులు ఎనుకకు వెట్టుకున్నడు.
ఆ గడి ఖాళీగనే పోయింది.

హన్మకొండ కాలేజీల కాయితాలు చూసేనాడు
బోనఫైడ్ బదులు తాసిల్దారు ముద్ర చూపెట్టిన.
మేడం అటు తిప్పి ఇటు తిప్పి,
"తొమ్మిదేండ్లు ఇంట్లనా? ఏం జేసినవమ్మా?" అంది.
తిట్టినట్టు లేదు. అడిగినట్టే ఉంది.

నేను కిందికి చూసిన.
బల్ల కింద నీలం పట్టీల జంఖానా.
మూడో పట్టీల, ఆమె చెప్పు పక్కనే,
ఆకుపచ్చ పోగు ఒకటి అడ్డం వడి ఉంది.
దశాంశాలు నేర్చుకుంటున్న ఏడు
నేనే వేసిన తప్పు అసొంటిది.
ఇప్పుదామంటె నాయిన,
"ఉండనీ, తొక్కెటోళ్లకు కనవడది," అన్నడు.
అది మాదే కావచ్చు.
కాకపోవచ్చు, కొత్తవాడల అందరం తప్పులు చేస్తం.

"న... న..."
మొదలువెట్టిన.
గోడ మీది ఫ్యాను రెండుసార్లు ఇటు తిరిగిపోయింది.
ఎనుక లైన్ల ఎవరో ఫైలుతోని ఊపుకుంటున్నరు.
మేడం పెన్నుకు మూత వెట్టింది.
ఆగిందో,
అయిపోయిందనుకున్నదో
సమజైతలేదు.

ఐనా మాట సగం దాక వచ్చింది.
సగంల పోగు తెంపుడు
మా ఇంట్ల లేదు.